‘ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి’ అన్నవారికి ఏం చెప్పాలి?

శాఖా గ్రంథాలయంలో కౌంటరు దగ్గర కూర్చునేవాళ్ళు తరచూ వినే మాట ఇది: "ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వండి." దానికి చాలాచోట్ల దొరికే జవాబు కూడా ఒకటే. "నవలలు ఆ బీరువాలో ఉన్నాయి, చూసుకోండి." అడిగినాయన బీరువా ముందు కాసేపు నిలబడతాడు. అట్టలు ఊడిపోయి బైండింగు చేయించిన పుస్తకాలన్నీ ఒకే రంగులో ఉంటాయి. వెన్ను మీద చేత్తో రాసిన పేర్లు సగం చెరిగిపోయి ఉంటాయి. ఏదో ఒకటి తీసి రెండు పేజీలు తిప్పి, మళ్ళీ అక్కడే పెట్టేసి, పేపరు చూసుకుని వెళ్ళిపోతాడు. ఇంకోసారి ఆ మాట అడగడు.

గ్రంథపాలకులు, సహాయకులు, రికార్డు అసిస్టెంట్లు, అటెండర్లు, ఔట్‌సోర్సింగులో కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా సరే, ఆ జవాబు మార్చుకుంటారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పుస్తకం ఇష్యూ చేయడం, తిరిగి తీసుకోవడం, రిజిస్టరు రాయడం మన ఉద్యోగం అయినట్టే, పుస్తకం చెప్పడం కూడా మన ఉద్యోగమే. తీరిక దొరికినప్పుడు చేసే ఉపకారంగా దాన్ని చూడకూడదు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలు మనమంతా పరీక్ష కోసం బట్టీ పట్టినవే. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని రెండో సూత్రం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని మూడోది. పాఠకుడు పేరు చెప్పి అడిగితే రెండోది తేలిగ్గానే నెరవేరుతుంది. మూడోది మాత్రం మనం పూనుకుంటే తప్ప జరగదు. పైగా మన పాఠకులు అప్పనంగా వచ్చి కూర్చునేవాళ్ళు కారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద వాళ్ళు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్ జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. పేపరు చదువుకుని వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషి ఆ బీరువాలోని పుస్తకాలకు కూడా డబ్బు కట్టాడు.

ఈ పని మనకు ఎవరూ కుదురుగా నేర్పరు. కోర్సుల్లో వర్గీకరణ, సూచీకరణ మీద పెట్టినంత సమయం దీనిమీద పెట్టరు. తెలుగు సాహిత్యానికి డ్యూయీ పద్ధతిలో 894.827 అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. ఆ సంఖ్య కింద వరసగా నిలబడ్డ వందల పుస్తకాల్లో, కౌంటరు ముందున్న మనిషి చేతిలో పెట్టాల్సింది ఏదో మాత్రం ఆ సంఖ్య చెప్పదు.

మొట్టమొదట వదులుకోవాల్సిన అలవాటు, మనకు ఇష్టమైన పుస్తకం చెప్పడం. "మంచి పుస్తకం" అని అడిగినవాళ్ళకి వెంటనే ‘వేయిపడగలు’ చెప్పే గ్రంథపాలకులున్నారు. అది గొప్ప నవలే. కానీ పదేళ్ళుగా పుస్తకం ముట్టనివాళ్ళకి అంత లావు పుస్తకం ఇస్తే, వాళ్ళు పదిహేను రోజులు ఇంట్లో ఉంచుకుని, ఇరవై పేజీలు కూడా దాటకుండా తిరిగిచ్చి, చదవడం తమవల్ల అయ్యే పని కాదని నిర్ణయించుకుంటారు. అడిగినవాళ్ళ దృష్టిలో "మంచి" అంటే "నాకు పట్టేది" అని అర్థం. అదేమిటో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి.

ఎలా అడగాలన్నది ముఖ్యం. "మీకు ఏ రచయిత ఇష్టం?" అని అడిగితే చాలామంది ముడుచుకుపోతారు. పెద్దగా చదువుకోనివాళ్ళకి అది పరీక్షలా వినిపిస్తుంది. పేరు గుర్తురాకపోతే చులకనైపోతామని భయం. దానికి బదులు, "ఇంతకుముందు చదివినవాటిలో మళ్ళీ చదవాలనిపించింది ఏదైనా ఉందా?" అని అడగండి. దీనికి తప్పు జవాబు ఉండదు. తర్వాత రెండో ప్రశ్న: "అందులో మీకేం నచ్చింది?" అసలు సమాచారం ఇక్కడే దొరుకుతుంది. ఉదాహరణకి ఒక మాటల వరస చూడండి.

"అమ్మా, మీరు ఇదివరకు చదివినవాటిలో బాగా గుర్తుండిపోయింది ఏది?"

"యద్దనపూడి గారి ‘సెక్రటరీ’ అండీ. ఎన్నిసార్లు చదివానో."

"అందులో ఏం బాగుంటుందమ్మా మీకు?"

"ఆ అమ్మాయి అభిమానం అండీ. తన ఉద్యోగం తను చేసుకుంటుంది, డబ్బున్నవాళ్ళని చూసి తగ్గదు."

రెండో ప్రశ్న అడక్కపోయి ఉంటే, ఆవిడ ‘సెక్రటరీ’ పేరు చెప్పగానే ఇంకో యద్దనపూడి నవల తీసిచ్చేవాళ్ళం. కానీ ఆవిడ చెప్పింది ప్రేమకథ గురించి కాదు, తన కాళ్ళమీద తను నిలబడ్డ ఆడపిల్ల గురించి. కాబట్టి ఓల్గా ‘స్వేచ్ఛ’ చూపించవచ్చు, రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ చూపించవచ్చు, నిజజీవితం చదవడం ఇష్టమైతే భానుమతి గారి ఆత్మకథ ‘నాలో నేను’ చూపించవచ్చు. అదే ఆవిడ "ఆ రాజశేఖరం ఎంత హుందాగా ఉంటాడో అండీ" అని ఉంటే దారి వేరు. అప్పుడు యద్దనపూడివే మరికొన్ని, లేదా మాదిరెడ్డి సులోచన నవలలు. ఒకే పుస్తకాన్ని ఇష్టపడ్డ ఇద్దరికి రెండు వేర్వేరు పుస్తకాలు చెప్పాల్సి రావడం ఈ పనిలో మామూలే.

అసలు పుస్తకమే చదవలేదన్నవాళ్ళని సినిమా గురించి అడగండి. "ఏ సినిమా రెండోసారి చూశారు?" అంటే మొహమాటం లేకుండా చెప్తారు. ‘మిథునం’ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నాయనకి శ్రీరమణ కథ ఉందని తెలియకపోవచ్చు. చిన్న కథ. ఒక్క పూటలో అయిపోతుంది. చదవడం మానేసినవాళ్ళని మళ్ళీ చదువులోకి తేవడానికి చిన్న పుస్తకమే మేలు.

ఇంకో మూడు సంగతులు కూడా మాటల్లో రాబట్టాలి. ఎప్పుడు చదువుతారు, ఎంతసేపు చదువుతారు, కళ్ళు ఎలా ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసే వాచ్‌మన్‌కి పొడుగాటి నవల పనికొస్తుంది, తెల్లవార్లూ తోడుంటుంది. స్టాండులో సవారీ కోసం ఎదురుచూసే ఆటో డ్రైవరుకి చిన్న కథల సంపుటి నయం, మధ్యలో మూసేసినా నష్టం లేదు. అరవై దాటినవాళ్ళకి అక్షరం సైజు చూడకుండా పుస్తకం ఇవ్వకండి. పాత అచ్చుల్లో సన్న అక్షరం, పసుపు పట్టిన కాగితం చూసి ఎంతోమంది పుస్తకం నచ్చలేదని తిరిగిస్తారు. నచ్చనిది పుస్తకం కాదు, అచ్చు.

అమెరికాలో సియాటిల్ నగర గ్రంథాలయంలో పనిచేసిన నాన్సీ పెర్ల్ అనే గ్రంథపాలకురాలు, పాఠకుడు పుస్తకంలోకి ప్రవేశించే ద్వారాలు నాలుగు అని చెప్పారు: కథ, పాత్రలు, కథ జరిగే చోటు, భాష. ఏ పాఠకుడికైనా ఈ నాలుగింటిలో ఒకటో రెండో పెద్దవిగా ఉంటాయి. పాఠకుడి మాటలు జాగ్రత్తగా వింటే ఏ ద్వారమో తెలిసిపోతుంది. "ఆపకుండా చదివించింది" అంటే కథ. "ఆ మనిషిని మర్చిపోలేకపోయాను" అంటే పాత్ర. "అక్కడ ఉన్నట్టే అనిపించింది" అంటే చోటు. "ఏం రాశాడండీ!" అని వాక్యాలు అప్పజెప్తే భాష.

మన బీరువాలకు ఇది చక్కగా సరిపోతుంది. కథ కావాలన్నవాళ్ళకి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు, మధుబాబు షాడో, యండమూరి ‘తులసిదళం’ ఉండనే ఉన్నాయి. అవి అయిపోయాక అదే వేగంతో చరిత్రలోకి తీసుకుపోయే తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ చెప్పండి. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళకి ఇది ఎక్కదని ముందే అనుకోవద్దు. మనిషి లోపలి రొద కావాలనేవాళ్ళకి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. చోటూ కాలమూ కావాలంటే ఉన్నవ ‘మాలపల్లి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. మాటల రుచి కావాలంటే శ్రీపాద ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ పక్కకి పెట్టి ఉంచండి.

ఈ ద్వారాల సంగతిలో తెలుగువాళ్ళకి సంబంధించి ఒక విశేషం ఉంది. మనకు చోటూ భాషా విడివిడిగా ఉండవు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో కూలి చేసుకునే మనిషికి నామిని ‘మిట్టూరోడి కతలు’ ఇచ్చి చూడండి. మొదటి పేజీలోనే తన ఇంటి మాట వినిపిస్తుంది. అందుకే మన దగ్గర అన్నిటికన్నా బాగా పనిచేసే ప్రశ్న, "మీది ఏ ఊరండీ?" ఎవరినైనా మొహమాటం లేకుండా అడగగలిగిన ప్రశ్న, ఎవరైనా సంతోషంగా జవాబు చెప్పే ప్రశ్న. శ్రీకాకుళం, విశాఖ అంటే రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు. గోదావరి అంటే వంశీ ‘మా పసలపూడి కథలు’. నెల్లూరు అంటే ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. అనంతపురం అంటే సింగమనేని నారాయణ. తెలంగాణ అంటే వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, అల్లం రాజయ్య కథలు. "అన్నా, మా దిక్కు ముచ్చట్లున్న బుక్కు ఏమన్న ఉన్నదా?" అని నోరు తెరిచి అడిగేవాళ్ళు తక్కువ. మనమే ఊరి పేరు పట్టుకుని ముందుకెళ్ళాలి.

అయితే మొదటి పుస్తకం సొంత ఊరిదైనా అక్కడే ఆగిపోకండి. నామినిని ఇష్టపడ్డ మనిషికి, అదే జిల్లాకు చెందిన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ తర్వాతి మెట్టు. పందులు కాచుకునే ఒక ముసలివాడు తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ అడవిలోకి పోవడమే కథ. చాలా చిన్న నవల. అక్కణ్ణించి ఆ మనిషిని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ దాకా.

ఒకరికి ఎన్ని పుస్తకాలు చూపించాలి? నా లెక్కలో మూడు. ఒకటి ఖాయంగా నచ్చుతుందనిపించేది, ఒకటి దానికి కాస్త పక్కది, ఒకటి వాళ్ళు ఊహించనిది. మూడూ వాళ్ళ చేతికిచ్చి, ఒక్కోదాని గురించి ఒక్కో వాక్యం చెప్పి, మీరు పక్కకి తప్పుకోండి. మీరు చూస్తూ నిలబడితే మీ మనసు నొప్పించకూడదని ఏదో ఒకటి తీసుకుంటారు. చెప్పే వాక్యంలో గొప్ప నవల, తప్పక చదవాల్సింది, అవార్డు వచ్చింది లాంటి మాటలు వద్దు. వాటివల్ల పాఠకుడికి ఏమీ తెలియదు. "ఇది ఒక గుమాస్తా కథ, భయస్తుడు, అప్పు చేసి ఇబ్బందిలో పడతాడు" అని రావిశాస్త్రి ‘అల్పజీవి’ గురించి చెప్తే తీసుకోవాలో వద్దో ఆయనే తేల్చుకుంటాడు.

"మధ్యలో నచ్చకపోతే ఆపేయండి, ఏం ఫరవాలేదు" అన్న మాట కూడా మనమే చెప్పాలి. నాన్సీ పెర్ల్ దీనికి ఒక లెక్క పెట్టారు. యాభై ఏళ్ళ లోపువాళ్ళు యాభై పేజీలు చదివి చూడాలి. ఆ వయసు దాటినవాళ్ళు వందలోంచి తమ వయసు తీసేస్తే ఎన్ని వస్తాయో అన్ని పేజీలు చదివితే చాలు. డెబ్బై ఏళ్ళ పెద్దాయనకి ముప్పై పేజీలన్నమాట. ఈ లెక్క చెప్పి చూడండి, పుస్తకం తీసుకెళ్ళే మనిషి భుజాలు తేలికపడతాయి. బడిలో మొదలుపెట్టిన పాఠం పూర్తి చేయాల్సిందే అన్న అలవాటు మనవాళ్ళలో చాలా గట్టిది.

"ఇవన్నీ చెప్పడానికి మేము అన్ని పుస్తకాలూ చదవాలి కదా?" అని మీరడగొచ్చు. చదవనవసరం లేదు, చదవలేరు కూడా. చదవని పుస్తకాన్ని పరిచయం చేసుకునే పద్ధతి ఒకటుంది. ముందుమాట, మొదటి అధ్యాయం, మధ్యలో ఎక్కడైనా రెండు పేజీలు. ఇరవై నిమిషాల పని. దాని తర్వాత నోటుబుక్కులో మూడు సంగతులు రాసుకోవాలి: ఎవరి కథ, నడక వేగమా నెమ్మదా, మనసు నలిగే సంగతులు ఏమైనా ఉన్నాయా. ఈ మూడోది ఎందుకంటే, ఇంట్లో మనిషిని పోగొట్టుకుని నెల తిరక్కుండా వచ్చినవాళ్ళ చేతిలో చావు కథ పెట్టకూడదు. పుస్తకం చదవకుండా చదివానని మాత్రం చెప్పకండి. "నేను చదవలేదు కానీ తీసుకెళ్ళినవాళ్ళు ఇలా చెప్పారు" అనడంలో చిన్నతనం ఏమీ లేదు. పాఠకులు దాన్నే ఎక్కువ నమ్ముతారు.

పుస్తకం చివర అతికించే డేట్ స్లిప్ మీకు ఉచితంగా దొరికే సాక్ష్యం. ఏ పుస్తకం మీద స్టాంపులు కిక్కిరిసి ఉన్నాయో, ఏది ఏళ్ళ తరబడి కదల్లేదో తెలుస్తుంది. కదలనివాటిలో చెత్త ఎంతుంటుందో మంచి పుస్తకాలూ అంతే ఉంటాయి. పై అరలో అందక కొన్ని, బైండింగులో పేరు పోయి కొన్ని, తప్పు అరలో చేరి కొన్ని ఆగిపోతాయి. వారానికి ఒక అర చొప్పున చూసుకుంటూ వెళ్ళండి. అటెండరునీ ఈ పనిలో కలుపుకోండి. పుస్తకాలు సర్దేది ఆయనే కాబట్టి ఏ పుస్తకం ఎవరు తీసి మళ్ళీ పెట్టారో ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు. కొత్త పుస్తకాల ఎంపిక చాలావరకు పైనే జరిగిపోతుంది, శాఖ చేతిలో ఉండేది తక్కువ. అందుకే ఉన్నవాటిని కదిలించడం మీద ఇంత పట్టు పడుతున్నాను. లేనివాటి కోసం పాఠకుల సూచనల రిజిస్టరు బల్ల మీదే తెరిచి ఉంచండి, బీరువాలో దాచకండి. రాసిన ప్రతి పేరునీ జిల్లా సంస్థకు పంపండి.

ఇప్పుడు మన గ్రంథాలయాల్లో ఎక్కువ కుర్చీలు నింపుతున్నవాళ్ళ దగ్గరికి వద్దాం. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి మండల కేంద్రంలోని శాఖ దాకా పొద్దున తలుపు తీసే వేళకి బయట ఎదురుచూసేది పోటీ పరీక్షల పిల్లలు. వాళ్ళలో చాలామంది సొంత పుస్తకాలు తెచ్చుకుని మన కుర్చీ, మన ఫ్యాను, మన నిశ్శబ్దం వాడుకుంటారు. వాళ్ళు పాఠకులు కారని విసుక్కునే సహోద్యోగుల్ని చూశాను. ఆ విసుగు తప్పు. వాళ్ళంత సేపు పుస్తకాల మధ్య కూర్చునేవాళ్ళు మనకు ఇంకెవరూ లేరు.

వాళ్ళకు మనం చేయగలిగిన మొదటి మేలు, పాత గైడ్లు అరలోంచి తీసేయడం. సిలబస్ మారాక మిగిలిపోయిన గైడు చదివిన కుర్రాడు నెలలు నష్టపోతాడు. ఏ పుస్తకం ఏ నోటిఫికేషన్ నాటిదో అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి. రెండోది, కుదిరినచోట సాహిత్యాన్ని వాళ్ళ చదువుకు పక్కన పెట్టడం. తెలంగాణ ఉద్యమం, చరిత్ర, సంస్కృతి గ్రూప్స్ సిలబస్‌లో ఉన్నాయి. నిజాం కాలపు పల్లె గురించి నోట్సులో నాలుగు పాయింట్లు బట్టీ పట్టిన పిల్లకి ‘చిల్లర దేవుళ్ళు’ ఇస్తే ఆ నాలుగు పాయింట్లూ మనుషులైపోతాయి. వ్యాసం రాసేటప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. నవలను చరిత్ర ఆధారంగా ఉదహరించవద్దని కూడా చెప్పండి. తేదీలకు, అంకెలకు తెలుగు అకాడమీ పుస్తకమే చూసుకోవాలి.

మూడోది సున్నితమైనది. ఫలితాలు వచ్చిన వారం కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి. కొందరు పిల్లలు వస్తారు కానీ పుస్తకం తెరవరు. వాళ్ళ చేతిలో వ్యక్తిత్వ వికాసం పుస్తకం పెట్టకండి. ఓడిపోయిన మర్నాడు గెలుపు సూత్రాలు చదవడం ఎంత బరువో ఆలోచించండి. నేనైతే కథలు ఇస్తాను. మునిమాణిక్యం కాంతం కథలో, ముళ్ళపూడి ‘బుడుగో’, నవ్వించేవి. లేకపోతే ఆదినారాయణ ‘భ్రమణకాంక్ష’ లాంటి యాత్ర పుస్తకం, గది గోడలు దాటించేది. "ఇది పరీక్షలో రాదు తమ్ముడూ, ఊరికే చదువు" అని చెప్పి ఇవ్వండి.

పనిమీద వచ్చేవాళ్ళు వేరు. మోటారు వైండింగు నేర్చుకుంటున్న కుర్రాడు, కోళ్ళఫారం పెడదామనుకుంటున్న రైతు, బ్లౌజు కటింగు పుస్తకం కావాలన్న అమ్మాయి. వీళ్ళకి ద్వారాలూ రుచులూ అక్కర్లేదు, కచ్చితమైన పుస్తకం కావాలి. ప్రచురణ సంవత్సరం చూసి ఇవ్వండి. పురుగుమందులు, చట్టాలు, పన్నులు, కంప్యూటర్ల పుస్తకాలు త్వరగా పాతబడతాయి. ఆరోగ్యం గురించి అడిగినవాళ్ళకి ‘వైద్యుడు లేని చోట’ లాంటి నమ్మదగిన పుస్తకం చూపించొచ్చు, కానీ జబ్బు ఏమిటో, మందు ఏమిటో మనం చెప్పకూడదు. కోర్టు వ్యవహారాలకూ ఇదే హద్దు. పుస్తకం దాకా మన బాధ్యత, ఆ పైన డాక్టరు, లాయరు.

పిల్లలు వచ్చినప్పుడు పక్కనున్న నాన్నతో కాకుండా పిల్లతోనే మాట్లాడండి. నాన్న "జనరల్ నాలెడ్జి ఇవ్వండి" అంటాడు, పిల్ల కళ్ళు చందమామ బౌండు వాల్యూముల మీద ఉంటాయి. రెండూ ఇవ్వండి. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన ‘టామ్ సాయర్’, ‘కాంచన ద్వీపం’ ఈనాటి పిల్లలకీ ఎక్కుతాయి. చదివిన పుస్తకమే మళ్ళీ మళ్ళీ అడిగితే కాదనకండి.

ఇక ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం: గుట్టు. ఊళ్ళో గ్రంథాలయం అంటే అందరూ అందరికీ తెలిసినచోటు. ఒకావిడ విడాకుల చట్టం గురించి పుస్తకం అడిగింది. ఒకాయన తాగుడు మానడం గురించి అడిగాడు. ఒక కాలేజీ అమ్మాయి ‘మైదానం’ తీసుకుంది. ఆ పేర్లు మన నోట్లోంచి బయటికి రాకూడదు. "ఏమ్మా, చలం చదువుతున్నావా?" అని హాలంతా వినపడేలా సరదాకి అన్నా ఆ పిల్ల మళ్ళీ రాదు. ఇష్యూ రిజిస్టరు కౌంటరు మీద అందరూ చూసేలా తెరిచి ఉంచకండి. మీ అమ్మాయి ఏం చదువుతోందో, మీ ఆయన ఏం తీసుకెళ్ళాడో ఎవరడిగినా మర్యాదగా దాటేయండి. అలాంటి పుస్తకాలు అడగడానికి జంకేవాళ్ళ కోసం ఒక ఏర్పాటు చేయొచ్చు. సియాటిల్ గ్రంథాలయంలో పాఠకులు తమ ఇష్టాలు రాసి పంపితే సిబ్బంది ఐదు పుస్తకాల పేర్లు పంపే పద్ధతి ఉంది. మనకు ఒక అట్టపెట్టె, కొన్ని తెల్లకాగితాలు చాలు. ఏం కావాలో చీటీ రాసి పెట్టెలో వేస్తారు, పేరు బదులు ఏదైనా గుర్తు వేసుకుంటారు. మర్నాడు ఆ గుర్తున్న కవరులో మనం రాసిన జాబితా ఉంటుంది. నోరు తెరిచి అడగలేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆ పెట్టె పెట్టాకే తెలుస్తుంది.

మన అభిప్రాయాలు కూడా గుట్టులో భాగమే. విశ్వనాథ ‘రామాయణ కల్పవృక్షం’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రెండూ మన బీరువాల్లో ఉన్నాయి. ఏది అడిగినా ఒకే ముఖంతో తీసిచ్చేవాడే గ్రంథపాలకుడు. మన కులం, మన పార్టీ, మన భక్తి, మన నాస్తికత్వం చూసుకుని పుస్తకాలు చెప్పడం మొదలుపెడితే ఊళ్ళో సగంమందికి మన కౌంటరు మూసేసినట్టే.

మాట్లాడే తీరిక లేని రోజులుంటాయి. ఒక్కరే ఉద్యోగి ఉన్న శాఖలు చాలా ఉన్నాయి, రెండు శాఖలకి ఒకే మనిషి ఇన్‌ఛార్జిగా తిరిగేచోట్లూ ఉన్నాయి. అప్పుడు బల్ల మన బదులు మాట్లాడాలి. గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసి, నిన్నా ఇవాళా తిరిగొచ్చిన పుస్తకాలు వెంటనే అరలో సర్దకుండా దానిమీద పెట్టండి. "ఇప్పుడే తిరిగొచ్చినవి" అని బోర్డు రాయండి. పక్కవాళ్ళు ఏం చదివారో చూడాలన్న కుతూహలం అందరికీ ఉంటుంది. కొన్నిటిలో చిన్న చీటీ పెట్టండి, పాఠకుడు చెప్పిన మాట ఒక్క వాక్యం, పేరు లేకుండా, ఆయన అనుమతితో. ఈ బల్ల నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల కోసం ఆగక్కర్లేదు. ఆ వారంలో దండలు, ప్రసంగాలు, వ్యాసరచన పోటీలు ఎటూ ఉంటాయి. ఒక సాయంత్రం మాత్రం పాఠకులనే నిలబెట్టి, తమకు నచ్చిన పుస్తకం గురించి రెండు నిమిషాలు చెప్పించండి. మర్నాడు ఆ పుస్తకాలకోసం వరస కడతారు.

ఇదేమీ పైనుంచి దిగిన కొత్త సంగతి కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య తరం పుస్తకాన్ని మనిషి దగ్గరికి మోసుకెళ్ళింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు ప్రాంతంలో కాలువ మీద నడిచే పడవలో గ్రంథాలయం పెట్టి ప్రయాణికుల చేత చదివించారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం రాజ్యంలో పుస్తకాలు తానే మోసుకుని తిరిగి జనానికి అందించారు. వాళ్ళు పుస్తకం ఇచ్చేటప్పుడు దాని గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఇచ్చి ఉంటారని నేననుకోను.

చివరగా, పుస్తకం తిరిగొచ్చే క్షణం. పని ఇక్కడితో అయిపోయిందనుకుని స్టాంపు వేసి పక్కన పెట్టేస్తాం. కానీ మనం చెప్పింది సరిపోయిందో లేదో తెలిసేది అప్పుడే. "బాగుందా?" అని అడగకండి, మర్యాదకి బాగుందంటారు. "ఎంతవరకు చదివారు?" అని అడగండి. పూర్తి చేశామంటే ఏది గుర్తుండిపోయిందో అడగండి. సగంలో ఆపామంటే ఎక్కడ ఆపారో, ఎందుకాపారో అడగండి. "మనుషులు ఎక్కువైపోయారండీ, ఎవరెవరో గుర్తుండలా" అంటే, రెండోసారి తక్కువ పాత్రలున్న నవల ఇవ్వాలి. "ఏడుపు ఎక్కువ" అంటే వేరే బీరువాకి నడవాలి. నచ్చలేదన్న పాఠకుడి మీద చిన్నబుచ్చుకోకండి, నచ్చిందన్న పదిమంది కన్నా ఆయన ఎక్కువ చెప్పాడు.

ఆ మాట నోటుబుక్కులో ఆ పుస్తకం పేరు కింద రాయండి. ఆ నోటుబుక్కు మీ సొంతం అనుకోకండి. పాఠకుల పేర్లు లేకుండా, పుస్తకాల గురించి మాత్రమే రాసి ఉంటే అది శాఖ ఆస్తి. బదిలీ అయి ఛార్జి అప్పగించేటప్పుడు ఆక్సెషన్ రిజిస్టరు, స్టాకు, తాళాలతో పాటు దాన్ని కూడా జాబితాలో చేర్చి, కొత్తగా వచ్చినవారితో సంతకం చేయించి ఇవ్వండి. వీలైతే ఒక పూట కూర్చుని, రోజూ వచ్చే పాఠకులు వచ్చే వేళకి వాళ్ళని కొత్తవారికి పరిచయం చేసి వెళ్ళండి.